చేరినవారెందరు, పట్టా అందుకున్నవారెందరు? (మీ ప్రశ్నలు – నా జవాబులు)

విశాఖపట్నంలో డిగ్రీ విద్యార్థులకు గణితం బోధించి, అడ్మిషన్లు, పరీక్షల విభాగం బాధ్యతలు చూసి పదవీ విరమణ చేసిన అధ్యాపకురాలు ఈ శీర్షికలో పాఠకులకు జవాబులు ఇస్తున్నారు.

ప్రశ్న: మేడమ్ గారికి నమస్కారం. నేను ఒక ప్రైవేటు డిగ్రీ కాలేజీలో కామర్స్ చెబుతున్నాను. ఇంటర్ ఫలితాలు రాగానే మా అధ్యాపకులకు ఊళ్లు పంచేస్తారు. ఒక్కొక్కరు ఇన్ని అడ్మిషన్లు తేవాలని లక్ష్యం పెడతారు. తేకపోతే వేసవి జీతం ఆపుతారు. ఎండలో ఇంటింటికీ తిరుగుతున్నా సీట్లు సగం కూడా నిండటం లేదు. ఇంకేం చేస్తే పిల్లలు చేరతారు? – ఒక అధ్యాపకుడు, పెందుర్తి

జవాబు: మాస్టారూ, పాఠం చెప్పినందుకు ఇవ్వాల్సిన జీతాన్ని అడ్మిషన్లకు ముడిపెట్టడం అన్యాయం. ఆ మాట ముందుగా చెప్పకుండా మిగతా జవాబు రాయడానికి నాకు మనసు ఒప్పలేదు.

ఇక మీ ప్రశ్న. ఊళ్లకు బయలుదేరే ముందు ఆఫీసులో ఒక గంట కూర్చోండి. మూడేళ్ల కిందటి అడ్మిషన్ రిజిస్టరునూ ఆ బ్యాచ్ చివరి సెమిస్టరు ఫలితాలనూ పక్కపక్కన పెట్టండి. ఉదాహరణకు ఆ ఏడు 120 మంది చేరారనుకుందాం. చివరి పరీక్షకు 84 మంది కూర్చున్నారు, 76 మంది గట్టెక్కారు. కాలేజీ గేటు మీద ఫ్లెక్సీలో ‘90 శాతం ఉత్తీర్ణత’ అని వేస్తారు. అబద్ధమని ఎవరూ అనలేరు, 76ను 84తో భాగిస్తే వచ్చేది అంతే. చేరిన 120తో భాగించి చూడండి, 63 శాతం వస్తుంది. లెక్కల టీచరుగా బతికినదాన్ని, హారం మార్చి గొప్పలు చెప్పుకుంటే నాకు ఒళ్లు మండుతుంది. పరీక్ష హాలు దాకా రాని ఆ 36 మంది ఏమయ్యారు?

ఊళ్లో జనానికి మాత్రం వాళ్లేమయ్యారో తెలుసు. తల్లిదండ్రులు మీ కరపత్రం చదివి నిర్ణయం తీసుకోరు, పక్కింటి పిల్లాణ్ని చూసి తీసుకుంటారు. రెండో ఏడాది మానేసి గాజువాకలో సెల్‌ఫోన్ దుకాణంలో కూర్చున్న కుర్రాడు ఆ వీధి మొత్తానికి మీ కాలేజీ గురించి చెప్పకనే చెబుతున్నాడు. మీరు ఎండలో ఎంత తిరిగినా ఆ మాటను దాటలేరు.

యాజమాన్యానికి ఇదంతా నీతిబోధలా వినిపిస్తే డబ్బు లెక్కే చెప్పండి. మొదటి ఏడాది తర్వాత వెళ్లిపోయిన ప్రతి విద్యార్థితోనూ రెండేళ్ల ఫీజు వెళ్లిపోతుంది. ఆ 36 మందిలో పన్నెండు మంది మానేయకుండా ఉన్నా ఇరవై నాలుగు సంవత్సరాల ఫీజు మిగిలినట్టే. దానికి కరపత్రం అచ్చు వేయక్కర్లేదు, ఆటో మాట్లాడక్కర్లేదు.

అలాగని అడ్మిషన్ల పని మానేయమని అనను, పద్ధతి మార్చండి. ఉన్నత విద్యామండలి 2020-21 నుంచి డిగ్రీ ప్రవేశాలను ఆన్‌లైన్ చేసింది, ఏ కాలేజీ, ఏ కోర్సు అన్న ఆప్షన్లు విద్యార్థే పెట్టుకోవాలి. అయినా పిల్లల ఫోనుకు వచ్చిన ఓటీపీ అడిగి తీసుకుని, వాళ్ల తరఫున తామే ఆప్షన్లు పెట్టేసే కాలేజీలు ఉన్నాయి. అలా చేర్చుకున్న పిల్లవాడికి తాను ఏ కోర్సులో చేరాడో కూడా సరిగా తెలియదు. దసరా సెలవులకు ఇంటికి వెళ్లి తిరిగి రానివాళ్లలో మొదటి పేరు అతనిదే అవుతుంది. ఆ పని మీరు చేయకండి. ఏ ఊరు వెళ్లినా ఆ ఊరి నుంచే వచ్చి మీ దగ్గర రెండో సంవత్సరం చదువుతున్న విద్యార్థిని వెంట తీసుకెళ్లండి. ఫీజు ఎంత, పరీక్ష ఫీజు ఏ నెలలో కట్టాలి, రీయింబర్స్‌మెంట్ ఆలస్యమైతే కాలేజీ ఏం చేస్తుంది, ఇవన్నీ ఒక కాగితం మీద రాసి ఇవ్వండి. చివరి దానికి జవాబు రాయడానికి మీ యాజమాన్యం జంకితే, పిల్లలు ఎందుకు నిలవడం లేదో అక్కడే తెలిసిపోతుంది.

ఇంకొకటి. సీటు కేటాయించిన రోజుకూ తరగతులు మొదలయ్యే రోజుకూ మధ్య చాలామంది జారిపోతారు. ఇది మన దగ్గరే ఉన్న బాధ అనుకోకండి. అమెరికాలో అట్లాంటా నగరంలోని జార్జియా స్టేట్ యూనివర్సిటీ 2016లో, చేరతామన్న పిల్లల సందేహాలకు ఫోను సందేశాల్లో అప్పటికప్పుడు జవాబు వచ్చేలా ఏర్పాటు చేసింది. అలా జారిపోయేవాళ్లు ఐదో వంతుకు పైగా తగ్గారు. వాళ్లు ఆ పనికి కంప్యూటర్ ప్రోగ్రాం పెట్టుకున్నారు. మీకు ఓపిక ఉన్న ఒక గుమాస్తా, ఒక ఫోను చాలు.

ప్రశ్న: మా అమ్మాయి ఒక ప్రైవేటు విశ్వవిద్యాలయంలో బీబీఏలో చేరింది. వారం తిరగకుండానే వేరే చోట తను కోరుకున్న సీటు వచ్చింది. మానేస్తామంటే మొత్తం కోర్సు ఫీజు కడితేనే ఒరిజినల్స్ ఇస్తామంటున్నారు. – ఒక తల్లి, గాజువాక

జవాబు: అమ్మా, వాళ్లు అలా అనడానికి వీల్లేదు. విశ్వవిద్యాలయాలను పర్యవేక్షించే కేంద్ర సంస్థ యూజీసీ 2018 అక్టోబరులో ఇచ్చిన ప్రకటన ప్రకారం విద్యాసంస్థలు ఒరిజినల్ సర్టిఫికెట్లను తమ దగ్గర ఉంచుకోకూడదు. సరిచూసుకుని వెంటనే తిరిగి ఇచ్చేయాలి. ఫీజు వాపసుకూ అందులోనే లెక్క ఉంది. ప్రవేశాల చివరి తేదీకి పదిహేను రోజులు లేదా అంతకన్నా ముందు మానేస్తే కొద్దిపాటి ప్రాసెసింగ్ ఖర్చు మినహా మొత్తం వెనక్కి ఇవ్వాలి. ఆ పదిహేను రోజుల లోపల అయితే 90 శాతం, చివరి తేదీ దాటాక పదిహేను రోజుల వరకు 80 శాతం, ఆపైన ముప్పై రోజుల వరకు 50 శాతం. ముప్పై రోజులు దాటితే ఏమీ రాదు.

కాబట్టి నోటిమాటతో సరిపెట్టకండి. ‘ఫలానా తేదీన మానేస్తున్నాం’ అని ఈ రోజే కాగితం మీద రాసి ఇచ్చి, నకలు మీద ముద్ర వేయించుకోండి. ముద్ర వేయం అంటే ఈ-మెయిల్ పంపండి, రిజిస్టర్డ్ పోస్టు చేయండి. ఎంత వాపసు వస్తుందో తేల్చేది ఆ తేదీయే. అప్పటికీ కదలకపోతే యూజీసీకి ఆన్‌లైన్‌లో ఫిర్యాదు చేయవచ్చు.

ప్రశ్న: అమ్మా, మాది చింతపల్లి దగ్గర ఊరు. విశాఖలో హాస్టల్లో ఉండి బీఎస్సీ కెమిస్ట్రీ మొదటి సంవత్సరం చదువుతున్నాను. ఇంటర్ వరకు తెలుగు మీడియం, ఇక్కడ అంతా ఇంగ్లీషే. డిసెంబరులో కాఫీ పళ్ల కోతకు ఇంటికి వెళ్లి మూడు వారాలు ఉండిపోయాను. ఆ సెమిస్టరులో కెమిస్ట్రీ, ఇంగ్లీషు పోయాయి. ఇప్పుడు క్లాసులో కూర్చోవాలంటే సిగ్గుగా ఉండి చాలాసార్లు హాస్టల్లోనే ఉండిపోతున్నాను. నాన్న వచ్చేయమంటున్నారు. వెళ్లిపోనా? – ఒక విద్యార్థిని

జవాబు: వెళ్లకు తల్లీ. రెండు పేపర్లు పోయినంత మాత్రాన డిగ్రీ పోలేదు. తప్పిన పేపర్లు మళ్లీ రాసుకోవచ్చు. హాజరు ఉండి, పరీక్ష ఫీజు కట్టినవాళ్లకు సాధారణంగా పై సెమిస్టరుకు దారి మూసుకుపోదు. నీకు ఇప్పుడు ప్రమాదం ఆ రెండు పేపర్ల వల్ల కాదు, హాస్టల్ మంచం వల్ల.

రేపు ఉదయం ఆఫీసుకు వెళ్లి ఈ సెమిస్టరులో నీ హాజరు ఎంతో అంకెల్లో అడుగు. నీకు కావలసింది 75 శాతం. ఫీజు రీయింబర్స్‌మెంటుకు పెట్టిన నిబంధన కూడా అదే, కాబట్టి ఇది పరీక్ష ఒక్కదాని సంగతే కాదు. భయపడకుండా లెక్క వెయ్యి. ఇప్పటికి 100 క్లాసులు జరిగి నువ్వు 60కి వెళ్లావనుకో. ఇంకా 80 మిగిలాయనుకో. మొత్తం 180లో 75 శాతం అంటే 135. మిగిలిన 80లో 75కు వెళితే గట్టెక్కుతావు, ఐదుకు మించి మానకూడదు. ఈ అంకె కాగితం మీద రాసి పెట్టె మూత లోపల అతికించుకో. ఎంత ప్రయత్నించినా కాస్త తగ్గితే, 65కూ 75కూ మధ్య ఉన్నవాళ్లకు తగిన కారణం చూపితే, రుసుము కట్టించుకుని మినహాయింపు ఇచ్చే పద్ధతి చాలా విశ్వవిద్యాలయాల్లో ఉంది. దానికోసం దొంగ మెడికల్ సర్టిఫికెట్ కొనకు. అలాంటి కాగితాలు తెచ్చినవాళ్లను నేను మొహం చూసే పట్టేసేదాన్ని.

ఇంగ్లీషు సంగతి నీ ఒక్కదానిదే కాదు. మన రాష్ట్రంలో 2021-22 నుంచి డిగ్రీ కోర్సులన్నిటినీ ఇంగ్లీషు మీడియం చేశారు. ఆ నిర్ణయం తెల్లవారే అమల్లోకి వచ్చింది, నీలాంటి పిల్లలకు భాష మాత్రం తెల్లవారేసరికి రాదు కదా! తెలుగూ ఇంగ్లీషూ ఎదురెదురు పేజీల్లో ఉన్న పాఠ్యపుస్తకాలు తయారుచేయించారు. మీ గ్రంథాలయంలో అడుగు. లేకపోతే తెలుగు అకాడమీ ఇంటర్ కెమిస్ట్రీ పుస్తకాలు ఎదురుగా పెట్టుకుని చదువు. మొదటి ఏడాది పాఠాల్లో చాలాభాగం నీకు ముందే తెలుసు, తెలిసినదాన్ని కొత్త పేర్లతో గుర్తుపట్టడమే పని. ఇంగ్లీషు మీడియంలో చదివే విద్యార్థులైనా సరే, స్థానిక భాషలో పరీక్ష రాయడానికి అనుమతించండని యూజీసీ 2023 ఏప్రిల్‌లో విశ్వవిద్యాలయాలను కోరింది. నీ పేపరుకు ఆ అనుమతి ఉందో లేదో పరీక్ష ఫీజు కట్టేలోపు పరీక్షల విభాగంలో కనుక్కో. వాళ్లు విసుక్కుంటే విసుక్కోనివ్వు.

మీ హాస్టల్లో పాడేరు, అరకు, జి.మాడుగుల వైపు నుంచి వచ్చి మూడో ఏడాదిలో ఉన్న అక్కలు ఉంటారు. వాళ్లలో ఒకరికైనా మొదటి సెమిస్టరులో పేపరు పోయి ఉంటుంది. ఎలా దాటారో అడుగు. నా ఉద్యోగకాలంలో కొండ ప్రాంతాల పిల్లలను నిలబెట్టింది మా ఉపన్యాసాలకన్నా ఎక్కువగా ఆ అక్కలే.

ఇప్పుడు మీ నాన్నగారి మాట. కోతకు మనుషులు దొరకరు, కూలి గిట్టదు, ఆయన బాధలో నిజముంది. కాఫీ పళ్లన్నీ ఒకేసారి పండవు, విడతలుగా కోస్తారు, అది నాకన్నా నీకే బాగా తెలుసు. వచ్చే ఏడాది మూడు వారాలు ఒకేసారి వెళ్లకుండా, సెలవులు కలిసొచ్చిన రెండు మూడు రోజులు చూసుకుని విడత విడతకూ వెళ్లు. 2025 ఆగస్టు 15 నుంచి పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో ఆడవాళ్లకు టికెట్ లేదు కాబట్టి ఆ రాకపోకలకు డబ్బు ఖర్చు కాదు. ఏ వారాల్లో కోత ఉంటుందో మీ మాస్టారికి ముందే చెప్పు, ల్యాబ్ బ్యాచ్ మార్చడం పెద్ద పనేమీ కాదు.

ఒకవేళ నిజంగానే ఆగక తప్పని పరిస్థితి వస్తే, మధ్యలో మాత్రం ఆగకు. యూజీసీ 2022 డిసెంబరులో ఇచ్చిన క్రెడిట్ల విధానం ప్రకారం మొదటి ఏడాది 40 క్రెడిట్లు (ప్రతి కోర్సుకూ దాని బరువును బట్టి ఇచ్చే పాయింట్లు) పూర్తిచేసి, 4 క్రెడిట్ల వృత్తి కోర్సు చేసినవాళ్లకు సర్టిఫికెట్ ఇవ్వవచ్చు. వాళ్లు మూడేళ్లలోపు తిరిగి చేరి, మొత్తం ఏడేళ్లలో డిగ్రీ ముగించుకోవచ్చు. మీ కాలేజీలో అది ఎలా అమలవుతోందో ప్రిన్సిపాల్‌ను అడుగు. ఏది ఏమైనా తొందరపడి టీసీ మాత్రం తీసుకోకు.

ప్రశ్న: మా అబ్బాయిని ఏ విశ్వవిద్యాలయంలో చేర్చాలో జాతీయ ర్యాంకులు చూసి నిర్ణయించుకోవచ్చా? – ఎంవీపీ కాలనీ నుంచి ఒక తండ్రి

జవాబు: ర్యాంకు ఒక్కటే చూడకండి, దాని వెనక ఉన్న అంకెలు చూడండి. కేంద్ర విద్యాశాఖ ఇచ్చే ఎన్ఐఆర్ఎఫ్ ర్యాంకుల్లో విశ్వవిద్యాలయాలకు నూటికి 20 మార్కులు చదువు ముగింపు ఫలితాలకే. అందులో ఒక అంశం, అనుమతించిన సీట్లలో ఎంతమంది గడువులోగా పాసయ్యారన్నది. హారం సరిగ్గా పెట్టినందుకు నాకు ఆ అంశం ఇష్టం. సంస్థలు ఇచ్చిన సమాచారాన్ని తమ వెబ్‌సైట్లలోనూ ఉంచుతాయి. ఎంతమంది చేరారు, ఎంతమంది నిర్ణీత కాలంలో బయటికి వచ్చారు అన్న గడులు రెండూ చూడండి. ప్లేస్‌మెంట్ల ఫ్లెక్సీలో అత్యధిక జీతం తెచ్చుకున్న అబ్బాయి ఫొటో ఒక్కటే ఉంటుంది. మీ అబ్బాయి ఆ ఒక్కడే అవుతాడని మీకు నమ్మకం ఉంటే నా సలహాతో పనిలేదు.

ప్రశ్న: మేడమ్, నేను నగరంలోని డిగ్రీ కాలేజీలో పనిచేస్తున్నాను. ప్రతి అధ్యాపకుడికీ నలభై మంది విద్యార్థులను అప్పగించి మెంటర్ అన్నారు. కాలేజీలకు గ్రేడ్లు ఇచ్చే న్యాక్ బృందానికి చూపడానికి నెలనెలా ఫారాలు నింపడం తప్ప ఏమీ జరగడం లేదు. నిజంగా ఏదైనా చేయాలంటే ఎక్కడ మొదలుపెట్టాలి? – ఒక అధ్యాపకురాలు, మద్దిలపాలెం

జవాబు: ఆ ఫారాలు నేనూ నింపాను. ‘విద్యార్థి సమస్య’ అన్న గడిలో ‘లేదు’ అని, ‘సలహా’ అన్న గడిలో ‘బాగా చదవమని చెప్పడమైనది’ అని. అలాంటి ఫైళ్లు బీరువాల్లో భద్రంగా ఉంటాయి, పిల్లలు మాత్రం ఉండరు.

నలభై మందినీ ఒకేలా చూడనక్కర్లేదు, చూడలేరు కూడా. నాకు మూడు గుర్తులు చాలు. మొదటి నెలలోనే హాజరు తెగిపోయినవాళ్లు, మొదటి ఇంటర్నల్ పరీక్షకు రానివాళ్లు, పరీక్ష ఫీజు గడువుకు ముందు రోజు దాకా కట్టనివాళ్లు. మూడో జాబితాను ఆఫీసులో ఎవరూ అధ్యాపకులకు ఇవ్వరు, మీరే వెళ్లి అడిగి తెచ్చుకోండి. చదువులో వెనకబడి మానేసేవాళ్లు కొందరైతే, కొన్ని వందల రూపాయలు ఆ రోజుకు చేతిలో లేక మానేసేవాళ్లు ఇంకొందరు. రెండోవాళ్లు ఎవరికీ చెప్పరు. గడువు దాటాక అపరాధ రుసుము పడుతుంది, ఆపైన హాల్ టికెట్ రాదు, ఇంట్లో ‘పరీక్షలు వాయిదా పడ్డాయి’ అని చెబుతారు. ఇందాక చెప్పిన జార్జియా స్టేట్ వాళ్లే, చిన్న బకాయి వల్ల పేరు కొట్టేయాల్సి వచ్చిన విద్యార్థులకు ఆ బకాయి మేరకు సాయం చేసే పద్ధతి 2011లో మొదలుపెట్టారు. మన పూర్వ విద్యార్థుల సంఘాలు ఏటా భోజనాలకూ శాలువాలకూ పెట్టే ఖర్చులో సగం చాలు, ఒక కాలేజీలో పరీక్ష ఫీజుల నిధి నడుస్తుంది. వేదిక మీద ఈ మాట అన్నప్పుడు చప్పట్లు మాత్రం బాగానే కొట్టారు.

పిలిచి మాట్లాడేటప్పుడు ‘ఎందుకు రావడం లేదు?’ అని మొదలుపెట్టకండి. దానికి తల దించుకోవడం ఒక్కటే జవాబు. ‘ఏ బస్సుకు వస్తావు, ఇంటి దగ్గర ఎన్నింటికి బయలుదేరతావు?’ అని అడగండి. కొత్తవలస వైపు నుంచి వచ్చే ఒక అబ్బాయికి ఎప్పుడూ మొదటి పీరియడ్ పోయేది. బద్ధకం అని రాసేశారు మావాళ్లు. విచారిస్తే రాత్రి పదకొండు దాకా హోటల్లో పని. టైంటేబుల్‌లో అతని ల్యాబ్ మధ్యాహ్నానికి మారిస్తే సగం కష్టం తీరింది.

ఇలాంటి చిల్లర పనులతో డిగ్రీలు వస్తాయా అని మీ ప్రిన్సిపాల్ అడిగితే న్యూయార్క్ సంగతి చెప్పండి. అక్కడి సిటీ యూనివర్సిటీ 2007లో తన రెండేళ్ల కాలేజీల్లో ‘ఏసాప్’ అనే పథకం పెట్టింది. చేరినవాళ్లకు పుస్తకాల సాయం, మెట్రో కార్డు, ఫీజులో మిగిలిపోయే భాగం, తరచుగా తప్పనిసరిగా కలవాల్సిన సలహాదారు. ఆ సలహాదారుకు అప్పగించే విద్యార్థులు తక్కువమంది. విద్యార్థులను చీటీలు తీసినట్టు రెండు గుంపులుగా విడదీసి పరిశీలించారు. పథకంలో ఉన్నవాళ్లలో మూడేళ్లకు 40 శాతం మంది పట్టా అందుకున్నారు, లేనివాళ్లలో 22 శాతం. వాళ్లేమీ పాఠ్యాంశాలను తిరగరాయలేదు. నాకు ఆసక్తి కలిగించినది ‘తప్పనిసరిగా’ కలవాలన్న షరతు. ‘ఏదైనా ఇబ్బంది ఉంటే నా దగ్గరకు రండి’ అని మనం బోర్డు మీద రాస్తాం. నిజంగా ఇబ్బందిలో ఉన్నవాడు ఎప్పుడూ రాడు.

ఫారాలు కూడా నింపండి. మీ ఇంక్రిమెంటుకు అవి కావాలి.

ప్రశ్న: మేడమ్, నేను పరవాడ ఫార్మా సిటీలో పనిచేస్తున్నాను. 2016లో డిగ్రీలో చేరాను. నాన్న పోవడంతో చివరి ఏడాది పనిలో చేరిపోయాను, రెండు పేపర్లు మిగిలిపోయాయి. ఇప్పుడు డిగ్రీ ఉంటే పై ఉద్యోగం ఇస్తామంటున్నారు. ఇన్నేళ్ల తర్వాత రాయనిస్తారా? – ఒక పాఠకుడు, పరవాడ

జవాబు: నాయనా, దారులు మూసుకుపోలేదు, కాస్త తిరగాలి. ప్రతి కోర్సుకూ ఇన్నేళ్లలోపు ముగించాలన్న గరిష్ఠ గడువు ఉంటుంది, మీది దాటిపోయి ఉండవచ్చు. అయితే పాత బ్యాచ్‌ల వాళ్లకు ఒక్కసారికి అవకాశమిస్తూ విశ్వవిద్యాలయాలు అప్పుడప్పుడు ప్రకటన ఇస్తుంటాయి. అది పత్రికల్లో చిన్న అక్షరాల్లో వచ్చి పోతుంది. మీరు చదివిన కాలేజీ పరీక్షల గుమాస్తాకు మీ ఫోను నంబరు ఇచ్చి, నెలకోసారి మీరే గుర్తుచేయండి. నిజానికి ఇది కాలేజీ చేయాల్సిన పని. ఒకటి రెండు పేపర్లు మిగిలి వెళ్లిపోయినవాళ్ల పేర్లూ నంబర్లూ రిజిస్టరులో ఉంటాయి. ప్రకటన వచ్చిన రోజు ఒక సందేశం పెడితే ఎన్ని ఇళ్లలో మేలు జరుగుతుందో! నేను ఉద్యోగంలో ఉన్నప్పుడు ఆ జాబితా తీయించాను. ఆశ్చర్యంగా, ఫోను ఎత్తినవాళ్లలో ఒక్కరు కూడా ‘ఇప్పుడెందుకు’ అనలేదు.

ముందు పాత మార్కుల మెమోలు, హాల్ టికెట్ నంబరు పట్టుకుని కాలేజీకే వెళ్లండి. నేరుగా విశ్వవిద్యాలయానికి వెళితే మళ్లీ కాలేజీ సంతకం కోసం వెనక్కి పంపుతారు. సిలబస్ మారింది కాబట్టి మీ రెండు పేపర్లకు బదులుగా ఇప్పుడు ఏ పేపర్లు రాయాలో రాతపూర్వకంగా తీసుకోండి. అది తెలియకుండా పుస్తకాలు కొనవద్దు.

ఒకవేళ అవకాశం రాదని తేలితే దూరవిద్య ఉంది. ఆంధ్ర విశ్వవిద్యాలయం కరస్పాండెన్స్ కోర్సులను 1972లోనే మొదలుపెట్టింది, ఇగ్నో ప్రాంతీయ కేంద్రం కూడా మన ఊళ్లోనే ఉంది. అక్కడ మొదటి నుంచి చదవాలి కాబట్టి దాన్ని రెండో దారిగానే పెట్టుకోండి. చేరే ముందు ఆ కోర్సుకు యూజీసీ దూరవిద్యా విభాగం అనుమతి ఆ ఏడాదికి ఉందో లేదో చూడండి. అలాగే పై ఉద్యోగానికి దూరవిద్య డిగ్రీ చెల్లుతుందో లేదో మీ కంపెనీ హెచ్ఆర్ వాళ్లను ముందే అడగండి. ఫార్మాలో కొన్ని పోస్టులకు ప్రయోగశాల చదువు కావాలంటారు.

రాత్రి షిఫ్టు పడిన వారంలో వెళ్లండి, పగలు ఆఫీసు వేళల్లో తిరగడానికి వీలవుతుంది. పాసయ్యాక ప్రొవిజనల్ సర్టిఫికెట్‌కూ కన్సాలిడేటెడ్ మార్కుల మెమోకూ ఒకేసారి దరఖాస్తు పెట్టండి, లేదంటే ఇంకో సెలవు దండగ.